ఉబ్బసం మందులు

ఉబ్బసం (ఆస్తమా) దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి. ఇందులో శ్వాసనాళాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచి ఉంటుంది. దుమ్ము, పొగ, జలుబు వంటివి తగిలినపుడు నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకొని, కఫం పేరుకొని గాలి దారి సన్నబడుతుంది. అపుడు దగ్గు, ఆయాసం, పిల్లికూతలు వస్తాయి. ఉబ్బసం మందులలో కొన్ని బిగుసుకొన్న కండరాన్ని వదులు చేస్తాయి, కొన్ని వాపును తగ్గిస్తాయి. ఈ తేడా తెలియకపోవడం వలన పెక్కుమంది మొదటి రకంతోనే కాలం వెళ్ళదీస్తారు.

నల్గొండ జిల్లా దామరచర్ల మండలంలో వాడపల్లి వైపు సిమెంటు కర్మాగారాలు, వీర్లపాలెం వద్ద యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం ఉన్నాయి. పొరుగున ఉన్న మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరొందినది. సిమెంటు దుమ్ము, ఊక ధూళి, వరికొయ్యలు కాల్చిన పొగ ఉబ్బసాన్ని రేపగలవు. ఇటువంటి చోట వాటిని పూర్తిగా తప్పించుకోవడం కష్టం కనుక మందులను సరిగా వాడుకోవడం మరింత ముఖ్యం.

ఉపశమన మందులు

వీటిలో ముఖ్యమైనది సాల్బుటమాల్. ఇది 1969లో వాడుకలోకి వచ్చింది. మన మందుల దుకాణాలలో ఆస్థాలిన్ అనే పేరుతో ఎక్కువ మందికి పరిచయం. పీల్చిన కొద్ది నిమిషాలలో ఆయాసం తగ్గి, ఆ ప్రభావం నాలుగు నుండి ఆరు గంటలు ఉంటుంది. అయితే ఇది వాపును తగ్గించదు. ఏడాదిలో 200 మోతాదుల డబ్బాలు మూడు లేదా అంతకు మించి ఖర్చయితే వ్యాధి అదుపులో లేదని, తీవ్రమైన దాడి వచ్చే ప్రమాదం పెరిగినదని గ్రహించవలెను. పెద్దలకు, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు 2019 నుండి చెబుతున్నాయి.

నివారణ మందులు

బెక్లోమెథసోన్, బుడెసొనైడ్ వంటి పీల్చే స్టెరాయిడ్లు వాపును తగ్గిస్తాయి. వీటి పూర్తి ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. పిల్లికూతలు ఆగగానే రోగులు మానివేసేది ఈ మందునే. వాపు తిరిగి వచ్చి, మళ్ళీ ఆయాసం మొదలవుతుంది. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్ ఉపశమనానికి, నివారణకు రెంటికీ పనికివస్తుంది.

స్టెరాయిడ్ అనే మాట విని భయపడేవారు ఎక్కువ. మాత్రలలో స్టెరాయిడ్ మోతాదు మిల్లీగ్రాములలో ఉంటే, ఇన్హేలర్లో మైక్రోగ్రాములలో ఉంటుంది. పీల్చిన తరువాత నీటితో పుక్కిలించి ఉమ్మివేస్తే నోటిలో బూజు, గొంతు బొంగురు చాలావరకు తప్పుతాయి. ఇన్హేలర్ ‘ఆఖరి మందు’ అనీ, అలవాటుగా మారుతుందనీ అనుకోవడం అపోహ.

పిల్లలలో

చిన్నపిల్లలు మందు నొక్కడానికి, గాలి పీల్చడానికి పొంతన కుదుర్చుకోలేరు. అందుకే ఇన్హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం తగిలిస్తారు. మూడేళ్ళ లోపు వారికి దానికి మాస్కు కూడా ఉండవలెను. రోటాహేలర్ గుళికలను కొందరు మింగుతారు. అవి పరికరంలో పెట్టి పొడిని పీల్చడానికే. బుడెసొనైడ్‌ను ఏళ్ళ తరబడి వాడిన పిల్లలు పెద్దయ్యాక సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తు ఉన్నట్లు 2012లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధన తెలిపింది. అదుపు లేని ఉబ్బసం ప్రాణానికే ముప్పు కనుక ఈ కారణంతో మందు మానరాదు. అదుపునకు సరిపడే కనీస మోతాదును వైద్యుడు నిర్ణయిస్తాడు. మాంటెలుకాస్ట్ మాత్ర వాడే పిల్లలలో నిద్ర, ప్రవర్తన మారితే వెంటనే వైద్యునికి చెప్పవలెను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దీనిపై తీవ్ర హెచ్చరిక జారీ చేసింది.

చేప ప్రసాదం

మృగశిర కార్తె నాడు హైదరాబాదులోని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం వారు బతికిన కొర్రమీను పిల్లతో ఇచ్చే ప్రసాదం కోసం ఉబ్బస రోగులు వేలాదిగా వస్తారు. పూర్వం దీనిని చేప మందు అనేవారు. ఇది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. దీనిని స్వీకరించినవారు నివారణ మందును ఆపివేయడమే అసలు ప్రమాదం.

అత్యవసర స్థితి

ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోవడం, పెదవులు నీలిబారడం, పసిపిల్లలలో పక్కటెముకల మధ్య చర్మం లోనికి పోవడం, ఇన్హేలర్ వాడినా ఆయాసం తగ్గకపోవడం తీవ్రమైన దాడికి గుర్తులు. రోగిని కూర్చోబెట్టి, స్పేసర్‌తో సాల్బుటమాల్‌ను ఒక్కొక్క మోతాదుగా ఇస్తూ 108కు ఫోను చేయవలెను.