నిలువెత్తు ఫొటో మీద ఎవరి పెత్తనం?

సంబంధాల కోసం పంపే ఫొటో శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో తీయించినా, హైదరాబాద్‌లో తీయించినా తంతు ఒకటే. అమ్మాయి నిటారుగా నిలబడాలి, నవ్వీ నవ్వనట్టు నవ్వాలి, రంగు కాస్త పెంచాలి. అబ్బాయి ఫొటోకి ఇంత హడావిడి ఉండదు. ఆడవాళ్ల ఒంటికి ఈ కొలతలు పెట్టిందెవరని అడిగేదే స్త్రీవాద ఫొటోగ్రఫీ. దాని గురించి అపోహలకేం తక్కువ లేదు.

అపోహ: అవన్నీ బట్టల్లేని బొమ్మలే.

వాస్తవం: అలాంటివీ ఉన్నాయి, దాచడమెందుకు? బ్రిటన్ ఫొటోగ్రాఫర్ జో స్పెన్స్ 1982లో క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు తన రొమ్ము మీద ‘ఇది జో స్పెన్స్ సొత్తేనా?’ అనే అర్థం వచ్చేలా రాసుకుని ఫొటో దిగారు. ఒళ్లు తనదా, డాక్టర్లదా అన్నది ఆవిడ ప్రశ్న. ఆ ఫొటోలో శృంగారం వెతికేవాళ్లకు ఏమీ దొరకదు.

బెంగళూరు కళాకారిణి ఎన్. పుష్పమాల దారి వేరు. ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీతో కలిసి 2000–2004 మధ్య చేసిన ‘నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా’లో రవివర్మ బొమ్మలోని లక్ష్మిగా, సినిమా తారగా, పోలీసులకు పట్టుబడ్డ నేరస్తురాలిగా తానే వేషం కట్టారు. ఒకచోట తోడా తెగ స్త్రీగా, గళ్ల తెర ముందు కొలతలకు నిలబడ్డారు. ఆ గళ్లు అలంకారానికి పెట్టినవి కావు. తెల్లదొరలు మనుషుల్ని జాతులుగా విడదీసి కొలిచింది అలాగే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ ముక్కులూ తలలూ కొలిచాడు. 1909లో అచ్చయిన ఆయన ఏడు సంపుటాల గ్రంథంలో మన సవర గిరిజనులూ ఉన్నారు.

అపోహ: ఆడమనిషి తీస్తే చాలు, అది స్త్రీవాదమే.

వాస్తవం: ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం జెనానా స్టూడియో పెట్టి, ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పరదా చాటు స్త్రీలకు ఫొటో దిగే వీలు దొరికింది. మంచిదే. పరదా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అపోహ: సెల్ఫీ వచ్చాక ఒంటి మీద పెత్తనం మనదే.

వాస్తవం: చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ ముఖాన్ని నున్నగా చేస్తుంది, రంగు తేలుస్తుంది. ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో చదివే అమ్మాయి ఫోన్ అయినా, వాళ్లమ్మ ఫోన్ అయినా అంతే. కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేయవచ్చు. అర నిమిషం పని.