కండ, కొవ్వు: కొన్ని రికార్డులు, కొన్ని నిజాలు

కండ పెరగాలి, కొవ్వు తగ్గాలి. జిమ్ములో పేరు రాయించుకునేవాళ్లలో ఎక్కువమంది కోరేది ఈ రెండే. ఈ దారిలో నమోదైన రికార్డులనూ, పరిశోధనల్లో తేలిన వింతలనూ ఒకచోట చేర్చి చూస్తే ధైర్యం కలుగుతుంది. వీరులను తయారుచేసిన సూత్రాలే మామూలు మనిషి ఒంట్లోనూ పనిచేస్తాయి. వయసు అడ్డం కాదు, ఖరీదైన యంత్రాలూ అక్కర్లేదు.

ఏనుగును ఛాతీపై నిలిపిన భీముడు

1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో కసరత్తు నేర్చారు. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తన బలాన్ని ప్రదర్శించారు. రెండు చేతులకు రెండు కార్లను కట్టించుకుని వాటిని కదలనివ్వకపోవడం, ఛాతీకి చుట్టిన గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, ఛాతీ మీద ఏనుగును నిలుపుకోవడం ఆయన ప్రదర్శనల్లో పేరుమోసినవి. జనం ఆయన్ని కలియుగ భీముడన్నారు. ఆయన శాకాహారి. మాంసం తినకపోతే కండ పట్టదనేవాళ్లకు వందేళ్ల కిందటే దొరికిన జవాబు ఆయన.

స్వర్ణానికి రెండున్నర కిలోల దూరం

మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి చేర్చింది 2000లో, సిడ్నీలో. ఆ ఏడాది సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమే. స్వర్ణం గెలిచిన చైనా లిఫ్టర్ మొత్తం 242.5 కిలోలు. మన జిమ్ముల్లో ఎవరూ పట్టించుకోని ఒకటింపావు కిలో బిళ్లలు రెండు కలిపితే ఆ తేడా వస్తుంది. చిన్న బరువును చిన్నచూపు చూడకూడదని ఇంతకన్నా బాగా చెప్పే లెక్క లేదు.

‘పది చొప్పున మూడు సెట్లు’ పుట్టింది ఆస్పత్రిలో

ఏ దేశంలో ఏ జిమ్ముకు వెళ్లినా మొదట వినిపించే మాట ఇది. దీని వెనకున్నది అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిని, తొడ కండలు కరిగిపోయిన సైనికుల చేత ఆయన బరువులు ఎత్తించాడు. కోలుకునే కాలికి విశ్రాంతే మందని నమ్మిన రోజులవి. 1945లో ఆ ఫలితాలు ప్రచురించాడు. మొదట ఏడు నుంచి పది సెట్లు చేయించినవాడు, 1948 నాటికి మూడు చాలని తేల్చాడు. పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు ఎంతో చూసి, మొదటి సెట్టు అందులో సగంతో, రెండోది ముప్పావుతో, మూడోది పూర్తి బరువుతో చేయించేవాడు. బలం పెరిగేకొద్దీ బరువూ పెంచేవాడు. కండ పెంచే విద్యకు ఈనాటికీ అదే పునాది.

తొంభై ఏళ్ల శిష్యులు

ఈ జాబితాలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రయంలో డాక్టర్ మరియా ఫియాటరోన్ బృందం, సగటున 90 ఏళ్లున్న పదిమంది బలహీనుల చేత కాళ్లతో గట్టి బరువులే ఎత్తించింది. ఎనిమిది వారాల్లో కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ మధ్యభాగంలో కండ 9 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర అవసరం లేకుండా నడిచారు. చేతుల ఆసరా లేనిదే కుర్చీలోంచి లేవలేనివారు ముగ్గురుంటే, వారిలో ఒకరు లేవగలిగారు. ‘ఈ వయసులో ఇంకేం కసరత్తు’ అని అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ మంచానికి పరిమితం చేసే ప్రతి ఇంటికీ ఈ కబురు చేరాలి.

తేలిక బరువుకూ అదే కండ

బండ బరువులెత్తితేనే కండ వస్తుందన్న నమ్మకాన్ని 2016లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరీక్షించింది. అప్పటికే కసరత్తు అలవాటున్న 49 మంది యువకుల్లో కొందరు బరువైనవి 8 నుంచి 12 సార్లు, మిగతావారు తేలికైనవి 20 నుంచి 25 సార్లు ఎత్తారు. ప్రతి సెట్టూ ఇక చేయలేమనేదాకా సాగింది. పన్నెండు వారాల తర్వాత ఇరుపక్షాలకూ కండ దాదాపు సమానంగా పెరిగింది. ఇంట్లో చేసే దండీలు, గుంజీలు కూడా కండరాన్ని అలసిపోయేదాకా తీసుకెళ్తే వృథా పోవన్నమాట.

నాలుగు నిమిషాల కఠోర సాధన

ఇరవై సెకన్లు శక్తినంతా పెట్టడం, పది సెకన్లు ఆగడం, ఇలా ఎనిమిదిసార్లు. మొత్తం నాలుగు నిమిషాలు. జపాన్ స్పీడ్ స్కేటింగ్ జట్టు చేస్తున్న ఈ పద్ధతిని శాస్త్రవేత్త ఇజుమి తబాతా పరీక్షించి 1996లో ఫలితాలు ప్రచురించాడు. ఆరు వారాల్లో ప్రాణవాయువును వాడుకునే సామర్థ్యమూ, ప్రాణవాయువు చాలనప్పుడు కాసేపు పెట్టగలిగే శక్తీ రెండూ పెరిగాయి. అయితే ఇది ఆరోగ్యవంతులైన యువకులు ఒళ్లు హూనమయ్యేలా చేసిన సాధన. కొత్తవాళ్లు తొలిరోజే దీని జోలికి పోకూడదు.

కరిగిన కొవ్వు ఎటు పోతుంది?

చెమటగా పోతుందంటారు, వేడిగా మారుతుందంటారు. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ లెక్క కట్టారు. పది కిలోల కొవ్వు కరిగితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితో బయటికి వెళ్తాయి. మిగతా 1.6 కిలోలు నీరవుతాయి. ఇదే ప్రశ్న వైద్యులనూ, పోషకాహార నిపుణులనూ, ట్రైనర్లనూ అడిగితే ఎక్కువమంది తప్పు చెప్పారు. అలాగని కూర్చుని గబగబా ఊపిరి తీస్తే కొవ్వు కరగదు. ఒంటికి పని చెప్పి, తిండి అదుపులో పెడితేనే ఆ వాయువు ఎక్కువగా తయారవుతుంది.

టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులు

పొట్ట కసరత్తు చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందా? 1971లో పరిశోధకులు టెన్నిస్ ఆటగాళ్ల చేతులు కొలిచారు. రాకెట్ పట్టే చేయి లావుగా, కండబట్టి ఉంది. చర్మం కింద కొవ్వు మాత్రం రెండు చేతుల్లోనూ ఒకేలా ఉంది. కొవ్వు ఎక్కడ ముందు తగ్గాలో నిర్ణయించేది మనం కాదు, శరీరమే.

ఒకే బీఎంఐ, రెండు రకాల ఒళ్లు

పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే కొలమానం) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. 2004లో లాన్సెట్ పత్రికలో ఈ ఇద్దరి ఫొటో పక్కపక్కన అచ్చయింది. మనవాళ్లు సన్నగా కనిపించినా కొవ్వు ఎక్కువ, కండ తక్కువ ఉండొచ్చని ఆ ఒక్క ఫొటో చెప్పింది. తూకం యంత్రాన్ని మాత్రమే నమ్మితే ఈ తేడా తెలియదు.

నాలుగు వారాల్లో రెండు కోరికలూ

కండ పెంపూ కొవ్వు తగ్గింపూ ఒకేసారి కుదరవని జిమ్ముల్లో తరచూ వింటాం. మెక్‌మాస్టర్‌లోనే 2016లో ప్రచురించిన మరో అధ్యయనం కుదురుతుందని చూపింది. నలభైమంది యువకులకు తిండిలో 40 శాతం కోత పెట్టి, వారానికి ఆరు రోజులు కఠినంగా శిక్షణ ఇచ్చారు. శరీర బరువులో కిలోకు 2.4 గ్రాముల చొప్పున ప్రోటీన్ తిన్నవాళ్లకు 4.8 కిలోల కొవ్వు పోయి, కొవ్వు కాని ఒళ్లు 1.2 కిలోలు పెరిగింది. అందులో సగం ప్రోటీన్ తిన్నవాళ్లకు కొవ్వు 3.5 కిలోలు తగ్గింది కానీ కండ దాదాపు ఉన్నచోటే ఉంది.

ఇక మన వంతు

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, వారంలో కనీసం రెండు రోజులు కండరాల కసరత్తు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. కండ పెంచాలనుకునేవారికి అంతకన్నా ఎక్కువే అవసరం. పప్పు, ఉలవలు, శనగలు, పెరుగు, గుడ్లు, చేపలు మన వంటింట్లో ఉన్నవే. గుండెజబ్బు, బీపీ, కిడ్నీ సమస్యలున్నవారు వైద్యుణ్ని అడిగి మొదలుపెట్టాలి. మొదలుపెట్టాక మాత్రం నెలల తరబడి మానకుండా, బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. తొంభై ఏళ్లవారి కండరాలు స్పందించాయంటే, నలభైలో ఉన్నవారికి ఇంకా ఆలస్యమైపోలేదు.