కళాశాల ప్రహరీకి ఆవల

ఏ కళాశాల అయినా ఆకాశం నుండి ఊడిపడదు. ఒకరు ఇచ్చిన స్థలం, పదిమంది కూడబెట్టి ఇచ్చిన విరాళం, ప్రభుత్వం ఇచ్చిన అనుమతి, తమ బిడ్డలు తమకంటె మెరుగుగా బ్రతకాలన్న తలిదండ్రుల తపన - ఇవన్నీ కలిసినప్పుడే ఒక విద్యాసంస్థ నిలబడుతుంది. అల్పసంఖ్యాక వర్గాల కళాశాలల విషయంలో ఈ మాట మరింత నిజం. రాజ్యాంగంలోని 30వ అధికరణం మత, భాషా అల్పసంఖ్యాకులకు తమ ఇష్టానుసారం విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొనే హక్కును ప్రసాదించింది. అయితే హక్కుకు వెనుకనే బాధ్యత నడిచివస్తుంది. మన ప్రహరీగోడకు ఆవల నివసించే బస్తీ ప్రజలకు, అందులోనూ ఈ కళాశాలలో ఎన్నడూ అడుగుపెట్టని వారికి, ఈ సంస్థ వలన కలిగే మేలు ఏమిటి? ఈ వ్యాసంలో మేము ఆలోచింపదలచినది ఈ ప్రశ్ననే.

ముందుగా రెండు మాటలకు అర్థం చెప్పుకొనడం అవసరం. పౌర భాగస్వామ్యం అంటే ఓటు వేయడం మాత్రమే కాదు. తన వీధికి, తన ఊరికి సంబంధించిన వ్యవహారాలను తెలుసుకొని, అడిగి, నలుగురితో కలిసి సరిదిద్దుకొనడం. ఇక సమానత్వం వేరు, సమన్యాయం వేరు. కచేరీ కిటికీ వద్ద గుమాస్తా అందరికీ ఒకే దరఖాస్తు కాగితాన్ని అందిస్తాడు. అది సమానత్వం. ఆ కాగితాన్ని చదువగలిగినవాడు పది నిమిషాలలో పూర్తి చేసి ఇచ్చిపోతాడు. చదువలేని వితంతువు దానిని చేతపట్టుకొని దళారీని వెదుక్కుంటూ వెళుతుంది. ఆమెకూ ఆ పని అంతే సులభంగా జరిగేటట్లు చూడడం సమన్యాయం. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఈ భేదాన్ని గుర్తించింది. అర్జీని వ్రాసి ఇవ్వలేని పౌరుడు నోటితో చెప్పిన విషయాన్ని వ్రాతరూపంలో పెట్టడానికి ప్రజా సమాచార అధికారి తగిన సహాయం చేయాలని ఆ చట్టమే ఆదేశించింది.

విద్యాసంస్థలు ఈ దిశగా నడచిన ఉదాహరణలు మన చరిత్రలో లేకపోలేదు. 1918లో హైదరాబాదులో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నతవిద్యను ఉర్దూలో బోధించింది. అందుకు కావలసిన గ్రంథాల కొరకు ఒక అనువాద సంస్థయే పనిచేసింది. విజ్ఞానం విదేశీ భాషలోనే ఉండనక్కరలేదని అది నిరూపించింది. కాని ఆ సంస్థానంలో అధిక సంఖ్యాకుల ఇంటిభాష తెలుగు. మరాఠీ, కన్నడం మాట్లాడేవారు కూడ లక్షలలో ఉండేవారు. ఒకరికి తలుపు తెరచిన భాష మరొకరికి గడియ వేసింది. రెండు భాషల కళాశాలలో ఉన్న మనం ఈ పాఠాన్ని మరువరాదు.

1920లో అలీగఢ్‌లో పుట్టి 1925లో ఢిల్లీకి తరలిన జామియా మిల్లియా ఇస్లామియా మరొక ఉదాహరణ. హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ నాయకత్వంలో, నిధుల కొరతతో దినదినగండంగా గడిపిన రోజులలో కూడ ఆ సంస్థ వయోజన విద్యను విడిచిపెట్టలేదు. తరగతి గదికి రాలేని పెద్దల వద్దకు తానే వెళ్లింది. మన రాష్ట్రంలోనే చూస్తే, 1991లో నెల్లూరు జిల్లాలో ప్రారంభమైన అక్షరాస్యతా ఉద్యమం స్వచ్ఛంద కార్యకర్తల చేయూతతో సాగింది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన స్త్రీలు తమ బ్రతుకుల గురించి చర్చించుకొన్నారు. ఆ చర్చలే 1992లో దూబగుంట నుండి పెల్లుబికిన సారా వ్యతిరేక ఉద్యమానికి దోహదం చేశాయి. 1993 అక్టోబరు 1 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలయింది. అక్షరం పౌరసత్వానికి ఎట్లు బాట వేస్తుందో ఇంతకంటె చెప్పనక్కరలేదు.

జాతీయ సేవా పథకం గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో, నలభైవేల మంది విద్యార్థులతో ప్రారంభమైంది. అందులో చేరిన విద్యార్థి రెండేండ్లలో 240 గంటల సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. శిబిరంలో వీధులు ఊడుస్తాము, మొక్కలు నాటుతాము, ఊరేగింపుగా వెళ్లి నినాదాలు చేస్తాము. ఎనిమిదవ నాడు తిరిగివస్తాము. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. కాని బస్తీవారు ఊడ్చుకొనడం ఎరుగక మన కొరకు ఎదురుచూచేవారు కారు. వారి వద్ద లేనిది, మన వద్ద ఉన్నది ఏదో గుర్తించినప్పుడే మన సేవకు విలువ కలుగుతుంది.

అట్టిది మన కళాశాలలో ఒకటి ఉన్నది. అది రెండు లిపుల పరిజ్ఞానం. దీని విలువ తెలియడానికి ఒక పేరును తీసుకొందాము.

ముహమ్మద్ అన్న పేరును ఉర్దూలో నాలుగే అక్షరాలతో వ్రాస్తారు. ఉర్దూ వ్రాతలో హ్రస్వాచ్చుల గుర్తులను సాధారణంగా వదలివేస్తారు, చదివేవారు గ్రహించుకొంటారు. తెలుగులో ప్రతి అచ్చునూ వ్రాయక తప్పదు. కనుక వ్రాసే గుమాస్తా చెవికి సోకిన తీరున ఆ ఒక్క పేరే ముహమ్మద్, మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్ అని నాలుగు రూపాలు ధరిస్తుంది. ఆంగ్లంలోనికి వెళ్లిన తరువాత దాని రూపాలకు అంతే లేదు. ఉర్దూలో ‘స’ ధ్వనికి సే, సీన్, స్వాద్ అని మూడక్షరాలు ఉన్నవి. తెలుగులో ఒక్కటే. ఖాదర్ ఒకచోట కాదర్ అవుతాడు, మరొకచోట ఖాదిర్ అవుతాడు. దీనికి తోడు షేక్ అన్నది ఒక కాగితంలో పేరుకు ముందు పూర్తిగా ఉంటుంది, మరొకదానిలో ‘ఎస్.కె.’ అయి కూర్చుంటుంది. ఒక స్త్రీ బడి రికార్డులో షేక్ ఫాతిమా, రేషను కార్డులో ఫాతింబీ, బ్యాంకు పుస్తకంలో ఫాతిమా బేగం. మనిషి ఒక్కతే, కాగితాల లెక్కలో ముగ్గురు. ఇది ముస్లిముల ఇబ్బంది మాత్రమే కాదు. లక్ష్మమ్మ లచ్చమ్మ అయినచోట, ఎల్లమ్మ యల్లమ్మ అయినచోట ఇదే చిక్కు.

చూడడానికి ఇది అచ్చుతప్పు వలె చిన్న విషయం. కాని బిడ్డ విద్యార్థి వేతనం నిలిచిపోయేది ఇక్కడనే, వృద్ధురాలి పింఛను ఆగిపోయేది ఇక్కడనే, పోలింగు కేంద్రం వద్ద ‘ఈ పేరు మీది కాదు’ అన్న మాట వినవలసి వచ్చేది ఇక్కడనే. ఉర్దూ చదివిన విద్యార్థి, తెలుగు చదివిన విద్యార్థి జంటగా కూర్చుంటే ఈ చిక్కును విప్పగలరు. ఇంటిలోని కాగితాలన్నింటినీ ప్రక్కప్రక్కన పెట్టి, తేడాలను ఒక పట్టికగా వ్రాసి, ఏ పత్రం ఆధారంగా మిగిలినవాటిని సరిచేయించుకోవాలో ఆ కుటుంబంతో కలిసి నిర్ణయించి, అర్జీ వ్రాయడం వారికి నేర్పాలి. ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. ఓర్పు, నిలకడ చాలును.

పట్టుదలతో చేయదగిన పనులు మరి మూడు ఉన్నవి. మొదటిది జనన నమోదు. 1969 నాటి చట్టం ప్రకారం జననాన్ని 21 రోజులలోగా తెలియజేయాలి. పేరు పెట్టకముందే నమోదు చేయించి, పేరును తరువాత చేర్పించుకొనవచ్చును. 2023లో చట్టానికి చేసిన సవరణతో జనన ధ్రువపత్రం ప్రాముఖ్యం ఇంకా పెరిగింది. ఆ సవరణ అమలులోనికి వచ్చిన తరువాత పుట్టిన బిడ్డలకు బడిలో చేరడం మొదలు అనేక పనులలో పుట్టినతేదీకి అదే రుజువు. రెండవది ఓటరు నమోదు. ఓటు హక్కు వయస్సును 21 నుండి 18కి తగ్గించిన రాజ్యాంగ సవరణ 1989లో అమలయింది. పూర్వం జనవరి 1 ఒక్కటే అర్హత తేదీగా ఉండేది. 2021 నాటి సవరణ చట్టం తరువాత జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు నాలుగూ అర్హత తేదీలయినవి. పదునేడేండ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకొనవచ్చును. క్రొత్త పేరుకు 6వ నమూనా, పేరులో తప్పు దిద్దుబాటుకు, చిరునామా మార్పుకు 8వ నమూనా. మూడవది సమాచార హక్కు. వీధి దీపం, మురుగుకాలువ, చౌకదుకాణం - దేనిని గురించి అయినా అర్జీ పెట్టి అడుగవచ్చును. సాధారణంగా ముప్పది రోజులలో జవాబు రావాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు.

అయితే ఇట్టి పనులకు కొన్ని నియమాలు తప్పనిసరి. బస్తీవారికి ఏమి కావాలో ముందు వారినే అడగాలి. మనమే నిర్ణయించుకొని వెళ్లరాదు. ఏ పార్టీ తరఫునా మాట్లాడరాదు. ఎవరికి ఓటు వేయాలన్నది మన నోట రాకూడదు. కాగితాలను చూచి వెంటనే తిరిగి ఇవ్వాలి. వాటి నకళ్లను గాని, ఆధార్ సంఖ్యలను గాని మన వద్ద ఉంచుకొనరాదు. సాయం పొందినవారిని వరుసగా నిలబెట్టి ఫోటోలు తీయించడం వారి గౌరవానికి భంగం. అన్నింటికంటె ముఖ్యమైనది, అర్జీని మనమే వ్రాసిపెట్టి పంపివేస్తే మనం జీతం పుచ్చుకొనని దళారులమే అవుతాము. రెండవసారి ఆ ఇంటి బిడ్డ చేతనే వ్రాయించగలిగిననాడు మన పని ఫలించినట్లు.

ఇంకొక మాట. ప్రహరీకి ఆవల సమన్యాయం కోరేవారు ప్రహరీకి లోపల దానిని పాటించాలి. ఉర్దూ మాధ్యమం వారు, తెలుగు మాధ్యమం వారు వేరువేరు బల్లల మీద కూర్చుని మూడేండ్లు గడిపితే జంటలు ఎట్లు ఏర్పడతాయి? సాయంకాలం దుకాణంలో పనిచేసి ఫీజు కట్టుకొనే విద్యార్థికి సేవా గంటలు ఏ వేళ కుదురుతాయి? మన విద్యార్థినులను వేదిక మీద ప్రార్థనాగీతానికి పిలిచి, బస్తీ పనికి పిలువకపోతే ఇంటిలోని స్త్రీలతో మాట్లాడేవారెవరు? 2001 జనగణనలో దేశంలోని ముస్లిం స్త్రీల అక్షరాస్యత నూటికి 50 మాత్రమే. నాడు చదువుకు దూరమైన ఆ తల్లులు నేటికీ మన వీధులలో ఉన్నారు. వారి గడప లోపలికి వెళ్లగలిగినది మన విద్యార్థినులే. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి గ్రంథాలయం మెట్లు ఎక్కలేకపోతే ఆ గ్రంథాలయం ఇంకా అందరిదీ కాలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం స్వల్పమైనది. వారానికి రెండు సాయంత్రాలు వీధివైపు తలుపు ఉన్న ఒక గదిని, నాలుగు కుర్చీలను, ఒక బల్లను కేటాయించండి. ఇద్దరు అధ్యాపకుల పనిగంటలలో దీనిని చేర్చండి. దీనికి హాజరైన కాలాన్ని విద్యార్థి సేవా గంటలలో లెక్కించండి. ఎందరు వచ్చారు, ఎన్ని పనులు పూర్తయినవి, ఎన్ని కాలేదు అన్న లెక్కను, ఎవరి పేరూ లేకుండ, ప్రతి ఏడూ ఈ వార్షిక సంచికలోనే ప్రకటించండి. కాని పనుల లెక్కను దాచనక్కరలేదు. ఏ కచేరీలో ఏ అడ్డు ఎదురయిందో అదే మనకు తెలియజేస్తుంది.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మీరు తరగతిలో సంధులు విడదీయడం నేర్చుకొంటున్నారు, తర్జుమా చేయడం నేర్చుకొంటున్నారు. ఆ విద్యకు పరీక్ష మార్కులే ఫలం అనుకొనవద్దు. ఒక తల్లి పేరులోని తప్పిపోయిన అక్షరాన్ని దాని చోట నిలిపితే, ఆగిన పింఛను కదలవచ్చును, బిడ్డ చదువు సాగవచ్చును. మన వీధి మొదటి ఇంటి నుండి ఈ పనిని ఈ విద్యాసంవత్సరమే ప్రారంభింతము.