పిడిలో పిడుగు: వెలుగు కత్తి లోగుట్టు

పౌరాణిక చిత్రాలలో రాముడి బాణం, రావణుడి బాణం నింగిలో ఢీకొని నిప్పులు చిమ్ముతుంటే నోళ్లు తెరుచుకుని చూసిన వాళ్లమే అందరం. ఇంచుమించు అలాంటి ఆయుధమే అమెరికా వారికీ ఒకటుంది. చేతిలో ఉండేది పిడి మాత్రమే. మీట నొక్కగానే మూడడుగుల వెలుగు 'జుమ్' మంటూ పైకి లేస్తుంది. 1977 మే 25న అమెరికాలో విడుదలైన 'స్టార్ వార్స్' చిత్రంలో తొలిసారి కనిపించిన ఈ వెలుగు కత్తి మీద మోజు నేటికీ తగ్గలేదు. దాని నకళ్లను సొంతంగా బిగించుకునే వారు అనేక దేశాలలో ఉన్నారు.

ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. టార్చిలైటు, రేడియో, సెల్‌ఫోను... ఈ మూడింటి పని ఎరిగిన వారికి దీని లోగుట్టు ఇట్టే అర్థమవుతుంది. అయితే తెలియక చేయి పెడితే చురక తప్పదు. ఆ చురక ఈ వ్యాసకర్తకు తగిలింది. ఆ సంగతి ముందు ముందు చెప్పుకుందాం.

పాత సామానుతో పుట్టింది

సినిమాలో వాడిన మొదటి కత్తులకు కరెంటు వెలుగే లేదంటే ఆశ్చర్యం కలుగక మానదు. దర్శకుడు జార్జి లూకాస్ దగ్గర పనిచేసిన రోజర్ క్రిస్టియన్ లండన్‌లోని ఒక ఫోటో సామాన్ల దుకాణంలో 'గ్రాఫ్లెక్స్' అనే పాత కెమెరా ఫ్లాష్ పిడిని పట్టుకున్నాడు. మూడు టార్చి బ్యాటరీలు పట్టే గొట్టం అది. దానికి పట్టు కోసం రబ్బరు పట్టీలు అంటించాడు. కథానాయకుడి కత్తి పిడి అదే! ముసలి గురువు కత్తికయితే పాత విమానం ఇంజను ముక్క, గ్రెనేడు ముక్క, చివరకు కుళాయి పిడి కూడా పనికొచ్చాయి.

కత్తి అలుగుగా వాడింది ఒక కర్ర. దానిమీద వెలుతురును తిప్పికొట్టే పూత పూసి, పిడిలోని చిన్న మోటారుతో గిరగిరా తిప్పేవారు. కెమెరా దగ్గరి దీపం వెలుగు దానిమీద పడి మెరిసేది. అది చాలకపోవడంతో తరువాత ఫిల్ముమీద ఒక్కొక్క బొమ్మకు వెలుగును చిత్రించారు. ఇక ఆ 'జుమ్' శబ్దం కథ మరీ విచిత్రం. శబ్దగ్రాహకుడు బెన్ బర్ట్ సినిమా ప్రొజెక్టరు మోటారు రొదను, టి.వి. వెనుక మైకు తీగె పట్టిన గీ శబ్దాన్ని కలిపాడు. ఆ మిశ్రమాన్ని స్పీకరులో వినిపిస్తూ, దాని ముందు మరో మైకును అటూ ఇటూ ఊపి రికార్డు చేశాడు. కత్తి తిప్పుతున్నట్టు వినిపించేది ఆ ఊపే.

2007లో ఒక సినిమా కత్తి పిడి డిస్కవరీ వ్యోమనౌకలో అంతరిక్షానికి వెళ్లి వచ్చింది. 2015లో వచ్చిన చిత్రానికి నిజంగా వెలిగే కత్తులనే నటుల చేతికిచ్చారు. 2019 నాటికి ఫ్రాన్సు దేశపు కత్తిసాము సమాఖ్య వెలుగు కత్తుల పోటీలను ఆటగా గుర్తించడం మరో విశేషం.

గొట్టంలో ఏముంటుంది?

నేటి నకలు కత్తి లోపల అయిదు వస్తువులుంటాయి. మొదటిది బ్యాటరీ సెల్. దీనిని '18650' అంటారు. 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కనుక ఆ పేరు. చాలా పవర్ బ్యాంకులలో, ఛార్జింగ్ టార్చిలైట్లలో ఉండేదీ ఇదే. 3.7 వోల్టులని రాసి ఉన్నా, నిండా ఛార్జి చేస్తే 4.2 వోల్టులిస్తుంది.

రెండవది సౌండు బోర్డు. బొటనవేలంత వెడల్పుండే ఈ పలకే కత్తికి మెదడు. శబ్దాలన్నీ గోరంత మెమరీ కార్డులో ఉంటాయి. సెల్‌ఫోను అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా తిరగడం చూస్తున్నాం కదా! కదలికను కనిపెట్టే అదే రకం చిప్పు ఇందులోనూ ఉంటుంది. మెల్లగా ఊపితే మెల్లని రొద, కొడితే 'ఛట్'మన్న శబ్దం వచ్చేది దానివల్లే. మూడవది రూపాయి బిళ్లకన్న కొంచెం పెద్దదైన స్పీకరు. నాల్గవది మీట. అయిదవది వెలుగిచ్చే ఎల్.ఇ.డి. దీపం.

దీపం అమర్చడంలో రెండు పద్ధతులున్నాయి. పిడి కొసన ఒకే ఒక పెద్ద ఎల్.ఇ.డి. పెట్టి, పైన కటకం బిగించి, వెలుగును పాలీకార్బొనేట్ గొట్టంలోకి పంపడం పాత పద్ధతి. గొట్టం పొడవునా చిన్న ఎల్.ఇ.డి.ల పట్టీని దించడం కొత్త పద్ధతి. ఇందులో వెలుగు మొదలు నుంచి కొసకు పాకుతుంది.

లెక్క తప్పితే దీపం గోవిందా!

పాత పద్ధతిలో తప్పక చూడవలసింది రెసిస్టరు. కాలువ నీటిని తూము అదుపు చేసినట్టు ఇది కరెంటును అదుపు చేస్తుంది. ఎర్ర ఎల్.ఇ.డి.కి సుమారు 2.2 వోల్టులు చాలు. నిండు సెల్ ఇచ్చేది 4.2. మిగిలిన 2 వోల్టులను రెసిస్టరు మింగాలి. ఒక ఆంపియరు పారాలంటే 2 ఓములది కావాలి. అది 2 వాట్ల వేడిని తట్టుకోవాలి కనుక 3 వాట్లదో, 5 వాట్లదో వేయడం మంచిది. నేరుగా కలిపితే ఎర్ర దీపం కాసేపటికే మాడుతుంది. దీపం వెనుక వేడిని లాగే అల్యూమినియం దిమ్మ కూడా ఉండాలి.

కొత్త పద్ధతిలో చిక్కు మరోలా ఉంటుంది. మీటరుకు 144 దీపాలుండే పట్టీ మూడడుగులకు 131 దీపాలవుతుంది. రెండు వైపులా వెలగాలంటే రెండు పట్టీలు, 262 దీపాలు. తెల్లని వెలుగుకు ఒక్కొక్కటి 60 మిల్లీఆంపియర్ల వరకు లాగుతుంది. కాగితం మీద 15 ఆంపియర్లు దాటిపోయింది! వాడకంలో అంత లాగకపోయినా, అంత భారం మోయగల సెల్, లావుపాటి తీగెలు ఉండి తీరాలి. సన్నతీగె వేస్తే వేడెక్కి తొడుగు కరుగుతుంది.

బిగించే వరుస

ముందు అన్నింటినీ బల్లమీద పరిచి, గొట్టం బయటే కలిపి చూసుకోవాలి. టంకం పెట్టిన ప్రతి అతుకు మీద వేడికి బిగుసుకునే గొట్టపు తొడుగు వేయాలి. సెల్‌కు నేరుగా టంకం పెట్టకూడదు. ఆ వేడికి సెల్ పాడవుతుంది. దానికోసం అమ్మే తొట్టిలోనే కూర్చోబెట్టాలి. ఛార్జింగ్ రంధ్రంలో ప్లాస్టిక్ బిరడా దూర్చితే లోపలి కరెంటు తెగేలా తీగెలు కలుపుతారు. కత్తికి అదే తాళం. మల్టీమీటరుతో ప్రతి తీగెనూ పరీక్షించాక, అన్నింటికన్న చివర సెల్ పెట్టాలి.

ఈ చివరి మాటను పట్టించుకోనందుకే మాకు చురక తగిలింది. బడి నాటకం కోసం మా మేనల్లుడికి ఒక కత్తి బిగిస్తూ, తెల్లవారితే ప్రదర్శన ఉందన్న తొందరలో సెల్ ముందే పెట్టేశాను. పాత పవర్ బ్యాంకునుంచి తీసిన సెల్ అది. రక్షణ పలక లేదు. తొడుగు వేయని రెండు అతుకులు ఇనుప గొట్టానికి తగిలాయి. గొట్టమే తీగె అయి కూర్చుంది.

"మామయ్యా, వెలగడం లేదేం?" అని వాడు చేయి చాచాడు. అప్పటికే పిడి పట్టుకోలేనంతగా కాలుతోంది. వాడి చేతికివ్వకుండా ఒక్క ఉదుటున వాకిట్లోకి విసిరేశాను. సెల్‌పైనున్న తొడుగు కరిగి కంపు కొట్టింది. అదృష్టం కొద్దీ మంటలు లేవలేదు. వాడి చేతిలో ఉండగా జరిగి ఉంటే? ఆ తలపుకే ఈనాటికీ ఒళ్లు జలదరిస్తుంది. మర్నాడు వాడు అట్టకత్తితోనే వేషం కట్టాడు. చప్పట్లేమీ తగ్గలేదు.

కత్తి కట్టినా కట్టకపోయినా...

ఇలాంటి సెల్‌లు నేడు చాలా ఇళ్లలో ఉన్నాయి. వెలుగు కత్తి జోలికి పోని వారు కూడా నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి. ఉబ్బిన సెల్‌ను, చొట్టపడిన సెల్‌ను వాడరాదు. విడి సెల్‌ను తాళంచెవులతో కలిపి జేబులో వేసుకోరాదు. దానికి తగిన ఛార్జరుతో తప్ప మరో దానితో ఛార్జి చేయరాదు. పాడైనదాన్ని చెత్తకుప్పలో పారేయక, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వాలి. పిల్లలు ఈ దీపాలను కంటికి దగ్గరగా పెట్టి చూడకుండా పెద్దలు కాయాలి.

రేడియో విప్పి బిగించిన తరం వారికి, సెల్‌ఫోన్లు బాగుచేస్తున్న నేటి కుర్రకారుకు ఈ విద్య కొత్త కాదు. టంకం పట్టే చేతికి ఓర్పు తోడైతే చాలు. మా మేనల్లుడి కత్తి కూడా మరుసటి ఏడాది వెలిగింది. అప్పుడు మాత్రం సెల్ పెట్టింది అన్నింటికన్న చివరనే!