కల్పిత రణరంగము - కూర్పునందలి నేర్పు



యుద్ధమను మాట కన్పట్టినంతనే అది మన విషయము కాదని పుట త్రిప్పుట వాడుక. కాని యుద్ధమునకు బోవువారు మన కొడుకులును గూతులునే గదా! నేడు వారు రణమునకు బోకమున్నే కంప్యూటరులు గల్పించిన రణరంగమున శిక్షణ పొందుచున్నారు. ఆ కల్పన తప్పైనచో నేర్చిన పాఠమును దప్పగును. కావున అట్టి సాఫ్టువేరును నిర్మించు విధము మనమును దెలిసికొనదగినదని మా తలంపు.

అమెరికాలో 1983లో సిమ్‌నెట్ అను యత్న మారంభమయ్యెను. ట్యాంకులను బోలిన నమూనాలను గంప్యూటరులతో గలిపి, వేర్వేరు తావులనున్న సైనికులు ఒకే కల్పిత భూమిపై బోరునట్లు చేసిరి. ప్రతి ట్యాంకును తన యునికిని క్షణక్షణమును జాటుచుండినచో దారులు క్రిక్కిరిసిపోవును. అందువలన, తక్కినవాని స్థానమును వాని వేగమునుబట్టి ప్రతి కంప్యూటరును దానే లెక్కించుకొనవలెననియు, ఆ లెక్క తప్పునంతగా నడక మారినపుడు వెంటనే వార్త పంపవలెననియు నియమ మేర్పరచిరి. ఈ చిన్న కట్టుబాటుచే పెద్ద పని సాగెను.

1990ల దశకమున జేసిమ్స్ అను మఱియొక యత్నము బయలుదేరెను. పదాతి, నౌకా, వైమానిక దళములన్నిటికిని ఒకే కల్పన కావలెనని సంకల్పము. కాని ఒక్కొక్క భాగమును ఒక్కొక్క దళము తన ధనముతో, తన పద్ధతిని గట్టించుకొనెను. భాగముల పొందిక దుస్తరమయ్యెను. 2002 చివర రక్షణశాఖవారు ఆ యత్నమును విరమింప నిశ్చయించిరి. పది యిండ్ల వంటకములను వడ్డనవేళనే కలిపి రుచి చూచినచో నుప్పు సరిదిద్దుట కెడమెక్కడ?

అట్టి భాగము లొండొంటితో మాటలాడుటకు హెచ్.ఎల్.ఏ. అను నియమావళి 2000లో ఐ.ఇ.ఇ.ఇ. వారి ప్రమాణమయ్యెను. అయినను నియమము వ్రాసికొన్నంత మాత్రమున జాలదు. భాగములను దొలినాటనుండియే తఱచుగా గలిపి చూడవలెను. ప్రతి మార్పును గ్రంథస్థము చేసి, మరల బరీక్షింపవలెను. పరీక్షించువారు రెండు ప్రశ్నలు వేసికొందురు: చెప్పినట్లు కట్టితిమా? చెప్పినది యథార్థమునకు సరిపోవునా? మొదటిదానికి నిర్మాతలే బదులు చెప్పగలరు. రెండవదానికి మాత్రము రణమును గన్నులార జూచినవారిని బిలిచి యడుగవలెను. ఆ యడుగుటకు వ్యయమగు కాలము వృథా కాదు; దానిపై బిడ్డల ప్రాణము లాధారపడియున్నవి.