మీకు తెలుసా? జవాబు రానంత మాత్రాన ఎవరూ లేనట్టేనా?

వేరే లోకాల్లో తెలివైన జీవులుంటే ఈపాటికి మనల్ని పలకరించేవారు కదా అని చాలామంది అడుగుతారు. 1950లో భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ లేవనెత్తిందీ ఇంచుమించు ఇదే. ప్రశ్న బలమైనదే, కానీ దూరాల లెక్క చూడండి. 1974 నవంబరు 16న పోర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోప్ నుంచి ఎం13 అనే నక్షత్రగుచ్ఛం వైపు శాస్త్రవేత్తలు ఒక సందేశం పంపారు. మొత్తం 1,679 బిట్లు. 1 నుంచి 10 వరకు అంకెలు, డీఎన్‌ఏ మెలిక, మనిషి బొమ్మ, సౌర కుటుంబం అన్నీ అందులోనే సర్దారు. పంపడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. చేరడానికి మాత్రం దాదాపు 25,000 ఏళ్లు పడుతుంది. అక్కడెవరైనా వెంటనే బదులిచ్చినా, అది మనకు అందేసరికి మరో 25,000 ఏళ్లు.

పాలపుంత వయసు వెయ్యి కోట్ల ఏళ్లకు పైనే, మనకన్నా ముందు పుట్టినవాళ్లే ఎప్పుడో సంకేతాలు పంపి ఉండాలిగా అనొచ్చు. పంపి ఉండొచ్చు. వినడానికి మనం కూర్చున్నదెప్పుడు? 1960లో, ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో రెండంటే రెండు నక్షత్రాల వైపు యాంటెన్నా తిప్పినప్పుడు. పాలపుంతలో నక్షత్రాలు పదివేల కోట్లకు తక్కువుండవు. ఇంత కొద్దిగా వెతికి ఎవరూ లేరని తేల్చేయడం తొందరపాటు. అలాగని ఉన్నారనడానికీ ఆధారం లేదు. 1977 ఆగస్టు 15న ఒహాయోలో 72 సెకన్లపాటు నమోదైన ‘వావ్’ అనే రేడియో సంకేతం కూడా ఆ తర్వాత ఏ టెలిస్కోప్‌కూ చిక్కలేదు.