ఒకే పవర్ సప్లైతో రెండు గ్రాఫిక్స్ కార్డులు: వాట్స్ సరిపోతే చాలదు!

ఇంట్లోనే ఏఐ మోడల్స్ రన్ చేద్దామని రెండో గ్రాఫిక్స్ కార్డు కొంటున్నారా? అయితే ముందు మీ పవర్ సప్లై సంగతి చూసుకోండి. మాడుగులలో మా ఇంట్లో ఉన్న ఆర్‌టీఎక్స్ 3060కి తోడుగా సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 3060 పెట్టాను. రెండూ కలిపితే 24 జీబీ మెమరీ వస్తుందని ఆశ. పది నిమిషాలకే ప్లాస్టిక్ కాలిన వాసన! తప్పు కార్డుది కాదు, నాదే.

ముందు లెక్క చూద్దాం. ఒక్కో 3060కి 170 వాట్స్, రెండింటికి 340. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలిపి ఇంకో 150 వేసుకోండి. మొత్తం 490. నాది 750 వాట్స్ పవర్ సప్లై. మరి ఎక్కడ తేడా కొట్టింది?

కేబుల్ దగ్గర. కార్డుకి స్లాట్ నుంచి 75 వాట్స్ వరకు, 6 పిన్ కేబుల్ నుంచి 75, 8 పిన్ నుంచి 150 వస్తాయి. నా రెండో 8 పిన్ కేబుల్ ఎక్కడో పోయింది. అందుకని సాటా నుంచి 8 పిన్‌కి మార్చే చిన్న అడాప్టర్ తగిలించాను. సాటా కనెక్టర్ 12 వోల్ట్స్ మీద ఇవ్వగలిగేది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్స్ మాత్రమే. దాని నుంచి 100 వాట్స్ లాగితే కనెక్టర్ కరగక ఏమవుతుంది? అదృష్టం బాగుండి కార్డు బతికింది.

ఇవి గుర్తుపెట్టుకోండి:

1. ఒక్కో కార్డుకి పవర్ సప్లై నుంచి విడిగా కేబుల్ ఇవ్వండి. ఒకే కేబుల్‌కున్న రెండు కనెక్టర్లని రెండు కార్డులకి పంచొద్దు.

2. కేబుల్ పోయిందని వేరే బ్రాండ్‌ది పెట్టొద్దు. కార్డు వైపు ఒకేలా ఉన్నా, పవర్ సప్లై వైపు పిన్నుల వరుస వేరుగా ఉండొచ్చు. అప్పుడు కార్డే కాలిపోవచ్చు.

3. కార్డులు రెప్పపాటులో రేటింగ్ కంటే చాలా ఎక్కువ కరెంట్ లాగుతాయి. అందుకే మార్జిన్ ఉండాలి. రెండు 3090లకే 700 వాట్స్ కావాలి, కాబట్టి 1200 వాట్స్ పవర్ సప్లై తీసుకోండి. ఏటీఎక్స్ 3.0 అయితే ఇంకా మంచిది.

4. గోడ ప్లగ్ కూడా చూడండి. 1200 వాట్స్ సప్లై ఫుల్ లోడ్‌లో 90 శాతం ఎఫిషియన్సీతో నడిస్తే 230 వోల్ట్స్ దగ్గర దాదాపు 5.8 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌కి అది అంచే. ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్ బెటర్.

నా పవర్ సప్లై మోడల్‌కి సరిపోయే కేబుల్ వచ్చేదాకా రెండో కార్డు డబ్బాలోనే ఉంది. ఇప్పుడు రెండూ గంటల తరబడి నడుస్తున్నాయి, వాసన లేదు. కార్డుకి వేలు పోసి, కేబుల్ దగ్గర వందల్లో కక్కుర్తి పడొద్దు.